ఇంట్లో వీణ, హార్మోనియం, కీబోర్డు: ఏ బీమా ఎవరికి పనికొస్తుంది?

బండికి బీమా ఉంటుంది, పాడిగేదెకు ఉంటుంది, లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకువాళ్లు ఇంటికీ చేయిస్తారు. అదే ఇంట్లో మూలన గుడ్డ కప్పి ఉన్న డెబ్బై వేల వీణకు ఉందా అని అడిగితే, ‘వీణకు కూడా చేస్తారా?’ అని ఎదురు ప్రశ్న వస్తుంది. చేస్తారు. కాకపోతే కర్నూలులోనో కడపలోనో బీమా ఆఫీసుకు వెళ్లి ‘వాయిద్యాల పాలసీ ఇవ్వండి’ అంటే అవతలివాళ్లు కాసేపు మన ముఖం చూస్తారు. వేరే పాలసీల్లో దాన్ని ఇమిడ్చి రాయించుకోవాలి. ఆ దారులు కొన్ని ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో రకం ఇంటికి సరిపోతుంది, కొన్ని ఇళ్లకు ఏదీ అక్కర్లేదు.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, వాయిద్యం ఏడాదిలో ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటుంది? ఇంటి పాలసీ ఇంటి వరకే. పిల్లవాడు సాయంత్రం క్లాసుకు వయొలిన్ పట్టుకెళ్లి ఆటోలో మరిచిపోతే ఆ పాలసీకి సంబంధం లేదు. పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయిస్తూ ఊరూరా తిరిగే ఆయనా, పొద్దున గంటసేపు ఇంట్లోనే వీణ సాధన చేసుకునే ఆవిడా ఒకే పాలసీ తీసుకోవడంలో అర్థం లేదు.

రెండోది, దాన్ని నిజంగా పాడుచేసేది ఏది? చాలామంది ఆలోచించని విషయం ఇదే. మన దగ్గర వాయిద్యానికి రోజూ ఉండే శత్రువులు ఎండ, ఎలుకలు, చెదలు, కరెంటు. అనంతపురం మే నెల ఎండకు పడమటి గోడ రాత్రి పదింటికి కూడా సెగలు కక్కుతూనే ఉంటుంది. ఆ గోడకు ఆనించిన వీణలో మెట్లు కూర్చిన మైనం మెత్తబడి మెట్లు జరుగుతాయి. పనస కర్ర ఎండి బీటలు వారుతుంది. మృదంగం వార్లు తోలువి కాబట్టి ఎలుకకు అంతకన్నా రుచైనది ఇంట్లో ఇంకోటి దొరకదు. హార్మోనియం తిత్తినీ వదలవు. ఇవేవీ బీమా కిందికి రావు. వాతావరణం వల్ల వచ్చే పగుళ్లు, పురుగులు, ఎలుకలు, బూజు, వాడకం వల్ల అరగడం దాదాపు ప్రతి పాలసీలోనూ మినహాయింపుల జాబితాలో ఉంటాయి. తంతి తెగడం, మృదంగం మూత పగలడం, హార్మోనియం రీడు పోవడం మామూలు ఖర్చులు, వాటి ఊసే ఎత్తరు.

బీమా ఆదుకునేది అరుదుగా వచ్చే పెద్ద దెబ్బకు: వరద, అగ్నిప్రమాదం, తాళం పగలగొట్టి దొంగతనం. అవి మనకు రావులే అనుకోవడానికీ లేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కర్నూలులోకి వచ్చాయి. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు పక్క ఊళ్లను ఊడ్చుకుపోయింది. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. వానే కురవని జిల్లా అని పేరున్న చోట ఇళ్లలోకి నీళ్లు రావడం చూశాక, ‘మాది కరువు సీమ, మాకు వరద బీమా ఎందుకు’ అనే మాట చెల్లదు. కడపలో బుగ్గవంక పక్కన ఉండేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు.

మూడోది విలువ. ఫ్రిజ్ పాతబడేకొద్దీ విలువ తగ్గుతుంది, కంపెనీలు తరుగు తీసి లెక్క కడతాయి. బాగా మోగే పాత వీణ అలా కాదు. తాతగారు బొబ్బిలి నుంచి తెప్పించిన, ఒకే పనస మొద్దులో తొలిచిన వీణకు వయసుతో గౌరవం పెరుగుతుంది. నష్టం లెక్కకట్టడానికి కంపెనీ పంపే సర్వేయర్ కాగితంలో మాత్రం అది ‘40 ఏళ్ల పాత చెక్క వస్తువు’. అందుకే పాత వాయిద్యానికి విలువను పాలసీ తీసుకునే రోజే ఇద్దరూ ఒప్పుకుని రాసుకునే పద్ధతి ఉందా అన్నది చూడాలి. కొత్త కీబోర్డుకు ఆ గొడవ లేదు, బిల్లు చాలు.

నాలుగోది, అసలు అది ఎవరిది? భజన మందిరం హార్మోనియం మీ ఇంట్లో పెట్టుకున్నా, చర్చి కీబోర్డు ఆదివారం దాకా మీ హాల్లో ఉన్నా, అవి మీ సామాన్ల కింద రావు. ఇతరుల వస్తువును నమ్మకం మీద దగ్గర పెట్టుకుంటే దాన్ని విడిగా చెప్పి రాయించాలి. లేదంటే ఆ సంస్థే తన పేరున చేయించుకోవాలి. నా లెక్కలో రెండోదే మేలు.

ఉన్న దారులు

*భారత్ గృహ రక్ష.* 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలు ఒకే రకం షరతులతో అమ్మేలా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తెచ్చిన ఇంటి పాలసీ ఇది. ఇంటికీ సామాన్లకీ కలిపి తీసుకుంటే, ఇంటి బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు, మామూలు సామాన్లకు వర్తిస్తుంది. ఇంటిని 20 లక్షలకు రాయిస్తే సామాన్లకు 4 లక్షలన్నమాట. అంతకు మించి కావాలంటే వివరాలిచ్చి పెంచుకోవచ్చు. అద్దె ఇంట్లో ఉండేవాళ్లు సామాన్లకు మాత్రమే తీసుకోవచ్చు. అగ్నిప్రమాదం, పిడుగు, భూకంపం, తుపాను, వరద, అల్లర్లు, ట్యాంకో పైపో పగిలి నీళ్లు రావడం, ఇవన్నీ ఇందులో ఉన్నాయి.

దీనిలోని పెద్ద సుగుణం, విలువ తక్కువ రాశారని క్లెయిమ్‌లో కోత పెట్టకపోవడం. వేరే పాలసీల్లో 4 లక్షల సామాన్లను 2 లక్షలకే రాయించి, లక్ష రూపాయల నష్టం జరిగితే చేతికి వచ్చేది 50 వేలే. ఇక్కడ ఆ లెక్క లేదు, రాసిన మొత్తం దాటకుండా అసలు నష్టం ఇస్తారు.

లోపం దొంగతనం దగ్గర ఉంది. మామూలు దొంగతనం ఇందులో లేదు. వరదో మంటో వచ్చిన ఏడు రోజుల్లోపు, దాని కారణంగా జరిగిన దొంగతనానికే వర్తిస్తుంది. మీరు పెళ్లికి ఆదోని వెళ్లినప్పుడు తాళం పగలగొట్టి కీబోర్డు ఎత్తుకెళ్తే, ఈ పాలసీ ఒక్కటే ఉన్నవాళ్లకు ఏమీ రాదు.

కీబోర్డు, యాంప్లిఫయర్ ఉన్నవాళ్లు ఇంకో షరతు చదువుకోవాలి. షార్ట్ సర్క్యూట్ అయి, కరెంటు ఎక్కువై ఒక పరికరం కాలిపోతే, ఆ పరికరానికి మాత్రం పరిహారం ఉండదు. పిడుగు వల్ల అలా జరిగినా అంతే. దాని నుంచి మంట లేచి పక్కనున్న వీణ కాలితే వీణకు ఇస్తారు. వానాకాలం మొదట్లో ఉరుములు వినగానే ప్లగ్గు పీకే అలవాటు ఏ పాలసీకన్నా చవక.

పాత వీణ లాంటివాటిని ఇదే పాలసీలో విలువైన వస్తువుల ఐచ్ఛిక విభాగం కింద, ఒప్పుకున్న విలువకు రాయించమని అడగండి. ఆ విభాగం నగలు, కళాఖండాలు, పురాతన వస్తువుల లాంటివాటికి. మొత్తం 5 లక్షల లోపు, ఒక్కో వస్తువు లక్ష లోపు అయితే విలువ ధ్రువపత్రం అడగరు. మీ వాయిద్యం ఆ కోవలోకి వస్తుందో లేదో కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఏజెంటు ‘అన్నీ కవర్ అవుతాయి సార్’ అంటారు. ‘సరే అన్నా, షెడ్యూల్‌లో వీణ అని పేరు పెట్టించు’ అనండి. షెడ్యూల్ అంటే పాలసీతో వచ్చే వివరాల పట్టిక. పేరు ఎక్కితే కవర్ ఉన్నట్టు. ఎక్కకపోతే క్లెయిమ్ రోజున మళ్లీ మొదటి నుంచి వాదన.

*గృహ ప్యాకేజీ పాలసీ.* కంపెనీలు ‘హౌస్‌హోల్డర్స్’ పేరుతో అమ్మేది. మంటలు, వరదలు ఒక విభాగం, దొంగతనం ఒకటి, ఇంటి యంత్రాలు చెడిపోవడం ఇంకొకటి, నగలు, విలువైన వస్తువులకు ‘ఆల్ రిస్క్’ మరొకటి. కావలసినవి ఏరుకోవచ్చు. దొంగతనం భయం ఎక్కువున్న ఇంటికి ఇది మేలు. అయితే దొంగతనం అంటే సాధారణంగా బలవంతంగా లోపలికి వచ్చిన గుర్తు కావాలి: పగిలిన తాళం, వంచిన గ్రిల్లు. తలుపు తీసి ఉండగా ఎవరో వచ్చి గిటార్ పట్టుకెళ్తే ఇబ్బందే, దానికి విడిగా పొడిగింపు తీసుకోవాలి. ఇంట్లోవాళ్లో పనివాళ్లో తీస్తే ఇవ్వరు. ఇల్లు ఎక్కువ రోజులు ఖాళీగా తాళం వేసి ఉంటే ఈ కవర్ ఆగిపోయే షరతు కూడా చాలా పాలసీల్లో కనిపిస్తుంది. పిల్లల దగ్గరికి బెంగళూరు వెళ్లి రెండు నెలలు ఉండిపోయే పెద్దవాళ్లు బయల్దేరే ముందు కంపెనీకి రాసి తెలపాలి.

*ఆల్ రిస్క్ కవర్.* వాయిద్యాన్ని పేరుపెట్టి రాయించి, ఇంట్లో ఉన్నా దారిలో ఉన్నా వేదిక మీద ఉన్నా వర్తించేలా తీసుకునేది. పేరు వినగానే ‘అన్ని ప్రమాదాలూ’ అనిపిస్తుంది. మన గృహ పాలసీల్లో ఈ విభాగం కింద తరచూ కనిపించే ఒక మినహాయింపు ఉంది. గాజు, కెమెరాలు, శిల్పాలు, *సంగీత వాయిద్యాలు*, ఆట సామాను లాంటి సున్నితమైన వస్తువులు పగిలినా, చీలినా, గీతలు పడినా వర్తించదు, మంట వల్లనో, తీసుకెళ్తున్న వాహనానికి ప్రమాదం జరగడం వల్లనో అయితే తప్ప. అంటే వేదిక మెట్లెక్కుతూ మృదంగం చేయి జారి చీలితే రాదు. బస్సు బోల్తా పడి చీలితే వస్తుంది. పాలసీ మొత్తంలో వాయిద్యం అన్న మాట అచ్చుపడే ఒకే ఒక్క చోటు మినహాయింపుల్లో కావడం నాకు నవ్వు తెప్పిస్తుంది, కొంచెం కోపం కూడా.

కాబట్టి ఆల్ రిస్క్ తీసుకునేవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ‘చేయి జారి పడితే ఇస్తారా? ఇస్తే అది పాలసీలో ఎక్కడ రాసి ఉంది?’ ప్రమాదవశాత్తు నష్టాన్ని విడిగా చేర్చి ఇస్తామంటే, ఎక్కువ ప్రీమియానికి అర్థం ఉంది. ఇవ్వకపోతే మీరు కొంటున్నది దొంగతనం, రోడ్డు ప్రమాదం మాత్రమే. నిలబెట్టిన కారులోంచి పోతే తలుపులూ అద్దాలూ మూసి తాళం వేసి ఉన్నాయా అనీ చూస్తారు.

*వ్యాపార పాలసీ.* వాయిద్యాలు అద్దెకిచ్చేవాళ్లు, మరమ్మతు చేసేవాళ్లు, అమ్మేవాళ్లు ఇంటి పాలసీ మీద ఆధారపడకూడదు. ఒకే చోట మొత్తం విలువ 5 కోట్లు దాటని చిన్న సంస్థలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ ఉంది. ఇంతకు మించి ఈ వ్యాసంలో దాని జోలికి వెళ్లను.

*బీమా లేకుండా విడి డబ్బు.* ఇదీ ఒక దారే, దీన్ని తక్కువ చేయొద్దు. నెలకు మూడు నాలుగు వందలు విడి ఖాతాలో వేసుకుంటే ఎలుక కొరికినా, ఎండకు పగిలినా, రీడు పోయినా ఆ డబ్బు పనికొస్తుంది. పైన చెప్పిన ఏ పాలసీ ఆ పని చేయదు. వరద వచ్చి మూడు వాయిద్యాలు ఒకేసారి పోతే మాత్రం ఆ ఖాతా ఏ మూలకూ చాలదు.

| ఏం జరిగితే | భారత్ గృహ రక్ష | గృహ ప్యాకేజీ | ఆల్ రిస్క్ | విడి డబ్బు |
|---|---|---|---|---|
| వరద, మంట | ఇస్తారు | ఇస్తారు | సాధారణంగా ఇస్తారు | చాలదు |
| తాళం పగలగొట్టి దొంగతనం | ఇవ్వరు, అదనంగా కొనుక్కునే కవర్ (యాడ్-ఆన్) ఉందేమో అడగాలి | ఆ విభాగం తీసుకుంటే ఇస్తారు | ఇస్తారు | కొంత |
| దారిలో పోతే | ఇవ్వరు | ఆల్ రిస్క్ విభాగం ఉంటేనే | ఇస్తారు, షరతులతో | కొంత |
| చేయి జారి పగిలితే | ఇవ్వరు | తరచూ ఇవ్వరు | రాయిస్తేనే | సరిపోతుంది |
| వోల్టేజికి కీబోర్డు కాలితే | ఇవ్వరు | యంత్రాల విభాగం ఉంటే అడగాలి | తరచూ ఇవ్వరు | సరిపోవచ్చు |
| ఎలుక, చెదలు, ఎండ పగులు | ఇవ్వరు | ఇవ్వరు | ఇవ్వరు | సరిపోతుంది |
| ప్రీమియం | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ | లేదు |

ఈ ప్రీమియాల మీద 18 శాతం జీఎస్టీ అదనం. ఒక్క వాయిద్యానికి ఏడాది ప్రీమియం దాని విలువలో 2 శాతం దాటుతుంటే నేనైతే రెండుసార్లు ఆలోచిస్తాను.

ఎవరికి ఏది

పిల్లల గిటార్, పది పదిహేను వేల కీబోర్డు మాత్రమే ఉంటే విడిగా ఏ బీమా వద్దు. ఇంటికి పాలసీ తీసుకుంటే సామాన్లలో అవీ ఉంటాయి, అంతే చాలు. ఆ డబ్బుతో మంచి స్పైక్ గార్డు, గట్టి కేసు కొనండి.

వీణో, మంచి వయొలినో ఇంట్లోనే ఉండే కుటుంబం, అందులోనూ గ్రౌండ్ ఫ్లోరు, పక్కన వంకో వాగో ఉంటే భారత్ గృహ రక్ష తీసుకుని, వాయిద్యాన్ని ఒప్పుకున్న విలువకు పేరుతో చేర్పించడం నా మొదటి ఎంపిక. ఊరి చివర కొత్త లేఅవుట్లో, చుట్టూ ఖాళీ ప్లాట్లున్న ఇల్లయితే వరదకన్నా దొంగ భయమే ఎక్కువ. అప్పుడు దొంగతనం విభాగంతో గృహ ప్యాకేజీ తీసుకోవాలి. బ్యాంకు లోన్‌తో వచ్చిన పాలసీ ఉంది కదా అని ఊరుకోవద్దు. అది తరచూ గోడలకే ఉంటుంది. కాగితం తీసి, సామాన్ల దగ్గర ఎంత రాసి ఉందో చూడండి. చాలా ఇళ్లలో అక్కడ సున్నా ఉంటుంది.

ఇంట్లోనే సంగీతం నేర్పే టీచర్ల సంగతి కాస్త చిక్కు. ఇల్లు నివాసమా, వృత్తి స్థలమా అన్న ప్రశ్న క్లెయిమ్ దగ్గర లేస్తుంది. పది మంది పిల్లలు వచ్చిపోతారని పాలసీ దరఖాస్తులోనే (ప్రపోజల్ ఫారం) రాయండి. ప్రీమియం కాస్త పెరగొచ్చు. దాచిపెట్టిన విషయం మీద క్లెయిమ్ పోవడంకన్నా అది నయం. పిల్లలు తెచ్చుకుని మీ దగ్గర వదిలివెళ్లే వయొలిన్లు మీ పాలసీలో ఉండవని తల్లిదండ్రులకు ముందే చెప్పేయాలి.

హరికథ, నాటకం, చెక్కభజన, పెద్ద దర్గా ఉరుసులో ఖవ్వాలీ, పెళ్లి కచేరీలు అంటూ తిరిగే కళాకారులకు ఇంటి పాలసీతో ఒరిగేది తక్కువ. ఆల్ రిస్క్ అడగాలి, అదీ ప్రమాదవశాత్తు నష్టం చేర్చి ఇస్తేనే. డోలు, తప్పెట, ఉరుము లాంటివి బిల్లుల్లేకుండా ఊళ్లోనే చేయించుకుంటారు కాబట్టి విలువ నిరూపించడం కష్టం. చేసిన ఆయన చేత ఎంత తీసుకున్నాడో తేదీతో సంతకం పెట్టించుకోండి. తక్కువ ధర డప్పులకు బీమా తిప్పలకన్నా బృందమంతా కలిసి తలా కొంత వేసుకునే నిధి నయం. ఎక్కువ ఖరీదు హార్మోనియానికో, సౌండు సిస్టానికో మాత్రం పాలసీ అడగండి.

కాగితాలు, క్లెయిమ్

పాలసీ ఏదైనా, నష్టం జరిగిన రోజున అడిగేది ఒకటే: ఇది మీ దగ్గర ఉండేదని ఎలా నమ్మాలి? బిల్లు ఉంటే మంచిది. లేకపోతే ఫోటోలు. నాలుగు వైపుల నుంచి తీసినవి చాలవు, ఆ వాయిద్యానికే ఉన్న గుర్తులు కావాలి. వయొలిన్ లోపల అంటించిన చీటీ టార్చి వేసి చూస్తే ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచి కనిపిస్తుంది, దాన్ని తీయండి. వీణకు యాళి ముఖం, కుండ మీద పాత దెబ్బ ఏదైనా ఉంటే అది. మా ఇంట్లో హార్మోనియం పైపలక విప్పి లోపలి రీడ్లను వరసగా ఫోటో తీసి పెట్టాం. పలక మూలన ఎవరో పెన్సిల్‌తో గీసిన ఆరు అంకె కూడా అందులో పడింది. అదెందుకు గీశారో మాకు తెలియదు గానీ, అలాంటి హార్మోనియం ఇంకోటి ఉండదు. కీబోర్డుకు అడుగున ఉన్న సీరియల్ నంబరు చాలు. ఇవన్నీ ఫోన్‌లోనే ఉంచుకుంటే ఫోన్‌తో పాటే మునుగుతాయి. వేరే ఊళ్లో ఉన్న కూతురికో తమ్ముడికో వాట్సాప్‌లో పంపి ఉంచండి.

దొంగతనమైతే వెంటనే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకోవాలి, అదే రోజు కంపెనీకి తెలపాలి. వరదైతే తడిసిన వాయిద్యాన్ని సర్వేయర్ చూసేదాకా పారేయకూడదు. బురదతోనే ఫోటోలు, వీడియో తీయండి. నీళ్లు వంచి నీడలో ఆరబెట్టడం తప్పు కాదు, నష్టం పెరగకుండా చూసుకోవడం మన బాధ్యతే. బాగుచేసే ఆయన దగ్గర రిపేరు అంచనా రాయించుకుంటే సర్వేయర్‌తో మాట్లాడటం తేలిక. వీణ గురించి సర్వేయర్‌కు తెలియకపోవచ్చు, ఆ అంచనా కాగితమే ఆయనకు ఆధారం.

కంపెనీ కాదంటే, ఏ షరతు కింద కాదన్నారో రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెల రోజుల్లో తేలకపోయినా, వాళ్ల జవాబు నచ్చకపోయినా బీమా వివాదాలు తేల్చే అధికారి, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. కర్నూలు, కడప, అనంతపురం జిల్లాలన్నీ ఆ ఆఫీసు పరిధిలోనివే. 50 లక్షల వరకు వివాదాలు అక్కడ తేలుస్తారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లోనూ, 155255 నంబరుకు ఫోన్ చేసీ ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.